కొమరయ్య మెలిపెట్టిన తీగ

కొమరయ్య వంటింటి గడప తొక్కాడంటే రెబెక్కకు ప్రాణం విసిగేది. మంచినీళ్ళకని వచ్చేవాడు, గ్యాసు బండ దగ్గర కూలబడేవాడు. రెగ్యులేటరు తిప్పి చూసేవాడు. రబ్బరు గొట్టం చివరనున్న క్లిప్పును వేలితో లాగి చూసేవాడు. లేచి గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగేవాడు.

"ఇప్పుడే గదనయ్యా చూసినవ్? గట్ల గుంజుతె గొట్టం ఊడి చేతికొస్తది" అనేది రెబెక్క.

"చూసిననా?" అనేవాడు. ఆ అడగడంలో ఎగతాళి ఉండేది కాదు. నిజంగానే గుర్తులేక అడిగేవాడు.

సరూర్‌నగర్ చెరువుకు ఎగువన రెండు గదుల కిరాయి ఇల్లు వాళ్ళది. ఎండాకాలంలో కొమరయ్య పనిచేసే చోట విమానం కూలినప్పటి నుంచీ ఇంట్లో ఇదే వరస. అంతకు ముందు కొమరయ్య అట్లాంటి మనిషి కాడు. ఒకసారి చేసిన పని వైపు తిరిగి చూడని మనిషి. కూతురు సాధన చిన్నప్పుడు సైకిలు బాగుచేయించుకుని, "బ్రేకులు చూడు డాడీ" అంటే, "నేను బిగించిన్నంటే మళ్ల చూసుడేంది?" అని నవ్వేవాడు.

కొమరయ్యది భువనగిరి అవతల ఒక చిన్న పల్లె. తండ్రి ఊళ్ళోవాళ్ళ గొడ్లు కాసేవాడు. పాస్టరు గారు మిషన్ హాస్టల్లో వేస్తే చదివి, ఐటీఐలో మెకానిక్ పని నేర్చుకుని, వైమానిక దళంలో సివిలియన్ ఫిట్టరుగా చేరాడు. నగరానికి ఆ కొసన ఉన్న శిక్షణ మైదానంలో పని. కొత్తగా చేరిన కుర్రాళ్ళు మొట్టమొదట ఎక్కేది అక్కడి చిన్న విమానాలే. ముక్కు మీద పంకా, దాని వెనక ఒక ఇంజను, లోపల పక్కపక్కన రెండు సీట్లు. ఒకటి నేర్చుకునేవాడికి, ఒకటి నేర్పేవాడికి. ఆ ఇంజన్లను విప్పడం, కడగడం, బిగించడం, అదీ కొమరయ్య బతుకు. వారమంతా అక్కడే షెడ్డు పక్క గదిలో ఉండేవాడు. శనివారం సాయంత్రం బస్సులు మారుకుంటూ ఇల్లు చేరేవాడు. బట్టలు ఎన్ని నీళ్ళల్లో జాడించినా పెట్రోలు వాసన పోయేది కాదు. రెబెక్క ఆ వాసనకు అలవాటు పడిపోయింది.

ఆ షెడ్డులో ఒక అలవాటు ఉంది. ఇంజను మొత్తం విప్పి బిగించాక విమానాన్ని ఒకసారి పైకి తీసుకుపోయి చూసి రావాలి. అట్లా పోయేటప్పుడు పైలట్ పక్క సీట్లో ఆ ఇంజను బిగించిన ఫిట్టరే కూర్చోవాలి. అది రూల్సులో ఉందో లేదో ఎవరికీ తెలియదు. 'నువ్వెక్కని దాన్లో నేనెందుకెక్కాలి?' అని ఏ కాలంలోనో ఏ పైలటో అన్నాడట, అప్పటినుంచి అట్లాగే నడుస్తోంది. కొమరయ్య ఎన్నిసార్లు ఎక్కాడో లెక్క లేదు. కింద చెరువులు రూపాయి బిళ్ళల్లా కనపడతాయని సాధనకు చెప్పేవాడు. భయమెందుకు? బిగించింది తనే కదా.

వినయ్ ఆ మైదానంలో పిల్లలకు నేర్పే ఇన్‌స్ట్రక్టరు. దిల్‌సుఖ్‌నగర్ కుర్రాడు. తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. తండ్రి భానుమూర్తి చైతన్యపురిలో ఒక కోచింగ్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఇద్దరి ఇళ్ళూ ఒక వైపే కాబట్టి శనివారాలు వినయ్ తన మోటారు సైకిలు మీద కొమరయ్యను ఎక్కించుకునేవాడు. పెద్ద ఆఫీసరు వెనక తను కూర్చోవడమేమిటని కొమరయ్య మొదట్లో మొహమాటపడితే, "గాల్లో పక్కన కూర్చుంటావు, రోడ్డు మీద వెనక కూర్చోలేవా కొమరయ్యా?" అని నవ్వేవాడు. సోమవారం వచ్చేటప్పుడు వాళ్ళమ్మ నాగేశ్వరి గోంగూర పచ్చడి డబ్బా ఇచ్చి పంపేది, 'మీ కొమరయ్య గారికి' అని. ఆమెను అతను ఎప్పుడూ చూడలేదు.

విమానం కూలిన ముందురోజు కొమరయ్య దానికి పెట్రోలు గొట్టం మార్చాడు. పాతది పగుళ్ళు ఇచ్చింది. చిన్న పని. దానికి పైకి పోవక్కర్లేదు, నేల మీద ఇంజను నడిపి చూస్తే చాలు. గొట్టం నట్టు బిగించాక, అదురుకు వదులు కాకుండా సన్నటి తీగను రెండు పేటలుగా మెలిపెట్టి కట్టాలి. లాక్ వైరు అంటారు దాన్ని. కట్టాడు. పని తనిఖీ చేసే పట్టాభి గారు వచ్చి చూశారు. ఇద్దరూ సంతకం పెట్టారు.

మరునాడు పొద్దెక్కాక వినయ్ ఒక కుర్రాణ్ణి ఎక్కించుకుని పోయి బాగానే వచ్చాడు. మిట్టమధ్యాహ్నం దిగాడు. కుర్రాడు దిగిపోయాక, మబ్బు ఎట్లా ఉందో చూసి వస్తానని, వేడివేడిగా ఉన్న ఇంజనును అట్లాగే మళ్ళీ తిప్పి ఒక్కడే లేచాడు. చెట్లంత ఎత్తు లేచాక చప్పుడు ఆగిపోయింది. కొమరయ్య షెడ్డు ముందర నిలబడి ఉన్నాడు. ఆ విమానానికి ఇంజను ఆగితే గాలిలో తేలే గుణం తక్కువ. పడ్డాక మంట లేచింది. వినయ్ దక్కలేదు. మిగిలినదాన్ని బట్టి ఏదీ చెప్పడానికి లేకుండా కాలిపోయింది.

విచారణకు వచ్చినవాళ్ళు అడిగారు. "తీగ కట్టావా?"

"కట్టిన సార్."

అన్నాడే గాని, ఆ రోజు కట్టిన సంగతి గుర్తుకు రావడంలేదు. వేళ్ళు తీగను మెలితిప్పడం గుర్తుంది. కానీ అది ఆ రోజుదా, వేరే రోజుదా? అన్ని ఏళ్ళుగా అదే పని చేసిన చేతులు. ఇంటికి తాళం వేసి సందు చివరిదాకా పోయాక వేశానా లేదా అని ఆగిపోతామే, అట్లా ఆగిపోయాడు కొమరయ్య. సందు చివరి నుంచైతే వెనక్కి పోయి తాళం లాగి చూసుకోవచ్చు. అతనికి లాగి చూసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"నేను చూశానయ్యా, తీగ ఉంది" అన్నాడు పట్టాభి. చూసే అన్నాడో, తన సంతకం కూడా ఉందని అన్నాడో, అది కూడా కొమరయ్యకు తెలియదు.

విమానాలన్నిటినీ ఆపేశారు. షెడ్డులో వరసగా, పంకాలకు గుడ్డలు కట్టుకుని నిలబడ్డాయి. చలికాలం వచ్చేసరికి బయట తెలంగాణ ఉద్యమం రాజుకుంది. రోజుకో బందు. ఎల్.బి.నగర్ చౌరస్తాలో టైర్లు కాలితే పొగ సరూర్‌నగర్ దాకా వచ్చేది. సాధన కాలేజీ పిల్లలతో ఊరేగింపులకు పోయి గొంతు పోగొట్టుకుని వచ్చేది. పని లేని షెడ్డులో కూడా అవే మాటలు.

"ఏమోయ్ కొమరయ్యా, రాష్ట్రం వేరైతే వీటిని కూడా పంచుతారా? రెక్కలు మీరు తీసుకోండి, తోకలు మాకు వదిలేయండి" అనేవాడు రాజమండ్రి పట్టాభి.

"ఎగరని రెక్కలు మాకెందుకు సార్? మొత్తం మీరే కొంటవోయి కోళ్ళగూళ్ళు వెట్టుకోండ్రి" అనేవాడు కొమరయ్య. అందరూ నవ్వేవాళ్ళు. నవ్వినంతసేపు బాగుండేది.

ఒకరోజు రెబెక్క రైతుబజారు నుంచి వచ్చి సంచి కింద పెట్టకుండానే చెప్పింది. "గా పిలగాని తల్లి కనవడ్డది. పేపర్ల ఫొటో చూసిన గద, గుర్తు వట్టిన. బీరకాయ చేతుల వట్టుకొని నిలవడ్డది. కొంటలేదు, ఇడుస్తలేదు. అమ్మేటామె గుంజుకున్నది."

"మాట్లాడినవా?"

"ఏమని మాట్లాడాలె? నీ చేతుల తప్పున్నదో లేదో ముందుగల నువ్వు చెప్పు. గప్పుడు మాట్లాడత."

కొమరయ్య ఆమె చేతిలోని సంచి అందుకున్నాడు. అది చెప్పగలిగితే బాగుండునన్నదే అతనికి ఉన్న ఒకే ఒక్క కోరిక. ఉద్యోగం పోతుందన్న భయం లేదు. పట్టాభి మాట వల్ల విచారణలో అతని మీద ఏమీ పెట్టలేదు. ఆ తల్లి ముందు నిలబడి, 'అమ్మా, నా చేత్తో కాలేదు' అని ఒక్కసారి అనగలగాలి. లేదా 'నా చేత్తోనే అయింది' అనైనా అనగలగాలి. రెండింటికీ మధ్యన ఉండడం అతనివల్ల కాలేదు. చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా అతని బొటనవేలు, చూపుడువేలు తీగను మెలితిప్పుతున్నట్టు కదులుతుండేవి. రెబెక్క పక్క నుంచి చూసి, కొంగు కింద తన చేతితో ఆ వేళ్ళను పట్టుకునేది.

మార్చి నెలలో పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఒక విమానాన్ని పూర్తిగా విప్పి బిగించి, ఎగరేసి చూడాలి. ఎగిరేది రాఘవేంద్ర, వినయ్‌కి పై ఆఫీసరు. బిగించింది కొమరయ్య.

"నువ్వు ఎక్కకుంటె ఏమైతది?" అంది రెబెక్క.

"సారు ఎక్కుతుండు గద."

"సారు జీతమెంత, నీ జీతమెంత? గాయన జీతానికి గాయన ఎక్కుతడు. నీ జీతానికి నువ్వు కిందుండి టాటా చెప్పు."

అతను నవ్వి చెప్పులు వేసుకున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి అతని నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆమెకు తెలుసు, అతను విమానం కోసం పోవడంలేదని.

పొద్దుటిపూట చల్లగా ఉండగా ఎగిరారు. ఇంజను కుక్కరులో పప్పు ఉడికినట్టు ఒకే తీరుగా మోగింది. దిగాక రాఘవేంద్ర రెక్క నీడలో నిలబడి చాలాసేపు మైదానం కేసి చూశాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది.

"కొమరయ్యా, ఆ రోజు వినయ్ ఏం చేశాడో అదే చేసి చూద్దామనుంది. ఎగిరి, దిగి, ఇంజను వేడి తగ్గకముందే మళ్ళీ లేద్దాం. కాకపోతే మైదానం పైనే చుట్టూ తిరుగుతూ ఎత్తుకి పోదాం. ఆగితే దిగడానికి చోటుంటుంది. నువ్వు రాకపోయినా తప్పులేదు. ఒక్కణ్ణే వెళతాను."

"నేను వస్త సార్."

ఎగిరారు. దిగారు. మంట మీదనుంచి దించిన మూకుడులా కాగుతున్న ఇంజనును మళ్ళీ తిప్పారు. లేచి, మైదానం మీద చుట్లు తిరుగుతూ పైకి పోతున్నారు. కొమరయ్య చెవులు తప్ప ఇంకేమీ లేనివాడిలా కూర్చున్నాడు. ముందు ఇంజనులోంచి పొలమారినట్టు ఒక దగ్గు వినపడింది. తరువాత ఇంకోటి. కుళాయిలో నీళ్ళు ఆగిపోయే ముందు గాలి తన్నినట్టు. ఆ తరువాత ఏమీ లేదు. పంకా గాలికి ఊరికే తిరుగుతోంది. అద్దం సందుల్లోంచి గాలి కూత వినపడుతోంది.

"సరే" అన్నాడు రాఘవేంద్ర, ఆ ఒక్క మాటే. ముక్కు కిందికి దించాడు. నేల మీదికి వచ్చేసింది. ఒక చక్రం పగిలి, విమానం పక్కకు ఈడ్చుకుపోయి గడ్డిలో ఆగింది.

కొమరయ్య ముందు దూకాడు. ఇంజను మూత తెరిచాడు. చేతులు కాలినా పట్టించుకోలేదు. నట్లన్నీ బిగువుగా ఉన్నాయి. తీగలన్నీ రెండు పేటలుగా, మెలికకు మెలిక, తను కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. పెట్రోలు వడకట్టే జల్లెడ శుభ్రంగా ఉంది. ట్యాంకులో పెట్రోలు నిండుగా ఉంది. మధ్యలో గొట్టం మాత్రం నిప్పులా కాలుతోంది, లోపల ధార లేదు. ఎండకూ ఇంజను వేడికీ పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి, ఆ ఆవిరి అడ్డుపడింది. గాలి చేరిన బోరు నీళ్ళు ఎత్తనట్టు. ఇద్దరూ పక్కన కూర్చున్నారు. కాసేపటికి గొట్టం చల్లబడ్డాక, ఏమీ ముట్టుకోకుండా కొమరయ్య మీట తిప్పాడు. ఏమీ ఎరగనట్టు ఇంజను మోగింది.

"నా చేత్తోటి కాలే సార్" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అతనికే తెలియలేదు. "సార్, నా చేత్తోటి కాలే."

"కాలేదు కొమరయ్యా. వినయ్ చేత్తో కూడా కాలేదు."

"గిది రాయుండ్రి సార్. వినయ్ సారు కాయితంల రాయుండ్రి."

రాఘవేంద్ర గడ్డిపరక తుంచుతూ చెప్పాడు. "ఇవాళ్టిది రాస్తాను. వినయ్ విచారణ పోయిన నెలలోనే మూసేశారు. కారణం తేలలేదని రాసి మూసేశారు. దాన్ని మళ్ళీ తెరిచే ఓపిక ఎవరికీ లేదు. ఈ విమానాలు కూడా ఇక లేవవు. మనం నిరూపించింది ఇవి పనికిరావనే కదా."

కొమరయ్య షెడ్డు వైపు చూశాడు. తన చెయ్యి మంచిదని తేలిన రోజే ఆ చేతికి పని లేకుండా పోయింది. అయినా ఆ సాయంత్రం అదేమీ పెద్ద బాధ అనిపించలేదు. చెప్పాల్సిన మనిషి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక పోదామనుకుంటే ఆ రోజు బందు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. నడిచే బయలుదేరాడు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు ముందు లారీలు దింపుకోకుండా నిలిచిపోయాయి. బత్తాయిలు ఎండకు మగ్గి తియ్యటి కుళ్ళు వాసన రోడ్డంతా కమ్మింది. జెండాలు కట్టిన మోటారు సైకిళ్ళు జై తెలంగాణ అంటూ పోతుంటే అతను కూడా చెయ్యెత్తాడు.

భానుమూర్తి ఇంటి కటకటాలకు లోపలి నుంచి తాళం వేసి ఉంది. గంట కొడితే ఆయన వచ్చి దూరంగానే నిలబడ్డాడు.

"చందా నిన్ననే ఇచ్చాం కదా బాబూ."

"చందాకు గాదు సార్. నేను కొమరయ్యను. వినయ్ సారుతోటి..."

లోపలినుంచి ఆడగొంతు వినపడింది. "కొమరయ్య గారా? అయ్యో, తాళం తీయండి ముందు. ఎండలో నిలబెట్టి అడుగుతారేంటి?"

నాగేశ్వరి అతన్ని ఫ్యాను కింద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. రెబెక్క మాటలను బట్టి ఊహించినదానికన్నా చిక్కిపోయి ఉంది. కొడుకు దగ్గరినుంచి ఎవరో వచ్చినట్టే మాట్లాడింది.

"వాడు మీ గురించి తెగ చెప్పేవాడండీ. మీ పని ఏమిటో ఎప్పుడూ చెప్పలేదు గానీ, మీ పక్కన కూర్చుంటే భయముండదనేవాడు. గోంగూర మీకు కారం ఎక్కువైందా, ఏమీ అనలేదు వాడు?"

"లేదమ్మా. మస్తుండె. మా ఇంట్లామె నేర్చుకుంటనన్నది."

"తీసుకురావాల్సింది ఆవిణ్ణి కూడా" అని, మామూలు మాట చెబుతున్నట్టే చెప్పింది. "నాకు పొద్దున లేవాలంటే కాళ్ళు రావండీ. దీపం ముందు కూర్చుని ఆ మెకానిక్కుని తిట్టుకుంటాను. వాడెవడో, పేరు కూడా తెలీదు. వాడి చేతులు పడిపోను, వాడి ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేకపోను అని నోటికొచ్చినట్టల్లా తిట్టుకుంటాను. అప్పుడు కాస్త ఓపికొస్తుంది. లేచి పొయ్యి వెలిగిస్తాను."

"నాగేశ్వరీ, ఎందుకిప్పుడవన్నీ" అన్నాడు భానుమూర్తి.

మజ్జిగ గ్లాసు కొమరయ్య చేతిలో సగంలో ఆగింది. అట్లాగే తాగేసి, దండం పెట్టి వచ్చేయవచ్చు. అది అతనికి తోచింది కూడా. కానీ ఇన్ని నెలలు మోసినదాన్ని ఆ గుమ్మంలోంచి మళ్ళీ వెనక్కి మోసుకుపోయే బలం అతనికి లేదు.

"అమ్మా, గా ఇంజను చూసింది నేనే."

ఆమె అతని చేతుల వైపు చూసింది. కాలిన బొబ్బలు ఇంకా మానలేదు.

"మీరా?"

"నేనేనమ్మా. గొట్టం నేనే మార్చిన. నా చేతుల తప్పేమోనని ఇన్నొద్దులు నేను మనిషిని గాలే. మొన్న నేను గూడ ఎక్కి చూసిన. గట్లనే ఆగింది. ఎండకు, ఇంజను వేడికి లోపలి పెట్రోలు ఆవిరైంది. నా తప్పు లేదమ్మా. వినయ్ సారు తప్పు గూడ లేదు. గీ మాట చెప్పి పోదామనే వచ్చిన."

"అంటే ఎవరి తప్పూ లేదా?"

"ఎవ్వరిది లేదమ్మా."

భానుమూర్తి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఇంజను చల్లారాక లేచి ఉంటే?"

కొమరయ్య తలవంచుకున్నాడు.

"బతికేటోడు సార్."

"ఎంతసేపు ఆగాల్సింది?"

"ఒక చాయ్ తాగినంత సేపు."

భానుమూర్తి లేచి లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. నాగేశ్వరి అతని చేతిలోని గ్లాసు తీసుకుంది. తీసుకుని ఎక్కడికి పోవాలో తెలియనట్టు నిలబడింది.

"ఎండని ఏమని తిట్టుకోను కొమరయ్య గారూ?" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండుననిపించింది అతనికి. "రేపు పొద్దున నేనెలా లేవాలి?"

అతను లేచి నిలబడ్డాడు.

"మీది తప్పు కాదు. సంతోషం. మీరు వచ్చి చెప్పకపోయినా బాగుండేది. వెళ్ళిరండి." కటకటాల దాకా వచ్చి, తాళం వేస్తూ అంది. "వెళ్ళిరండని అలవాటుగా అనేశాను. మళ్ళీ రాకండి. మిమ్మల్ని చూస్తే ఆ చాయే గుర్తొస్తుంది నాకు."

తిరిగి వస్తుంటే పెద్ద రోడ్డు మీద బస్సులు లేని చోట పిల్లలు ఇటుకలు నిలబెట్టి క్రికెట్టు ఆడుతున్నారు. ఎవరో అవుటయ్యాడని గోల. కొమరయ్య వాళ్ళ మధ్యలోంచే నడిచాడు. "ఓ అంకుల్, పక్కకు నడువు జర" అని అరిచారు. అతనికి వినపడలేదు.

రెబెక్క గుమ్మంలోనే ఉంది. "చెప్పినవా?"

"చెప్పిన."

"నీ చెయ్యిది కాదని చెప్పినవా?"

"చెప్పిన."

"మరి? పానం తేలికైందా?"

కొమరయ్య చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కున్నాడు. తువ్వాలతో తుడుచుకుంటూ అన్నాడు. "నా బరువు తీస్కపోయి ఆమె మీద వెట్టొచ్చిన రెబెక్కా. నన్ను తిట్టుకుంట లేస్తుండెనంట ఇన్నొద్దులు. ఇంక దేన్ని వట్టుకొని లేస్తదో తెల్వదు."

రెబెక్క పీట వేసి అన్నం పెట్టింది. తిన్నాడు. వంకాయ కూర బాగుందని కూడా అన్నాడు. ఎన్నో నెలల తరువాత కూర బాగుందనడం అదే. ఆ మాటకు ఆమె మొహం పక్కకు తిప్పుకుని, చారు తెస్తానని లేచి, లోపలికి పోయి నిలబడిపోయింది.